హెడ్‌ఫోన్‌లో సరౌండ్ సౌండ్: మూడేళ్లు వాడాక

మాది అమలాపురం దగ్గర పల్లె. రాత్రిపూట పెరట్లో కొబ్బరికాయ రాలితే మా నాన్నగారు మంచం మీంచి లేవకుండానే "బోదె పక్క చెట్టుదిరా" అని చెప్పేస్తారు. ఆయనకున్నవి రెండు చెవులే, హెడ్‌ఫోన్‌లో ఉన్నవీ రెండు స్పీకర్లే. అలాంటప్పుడు హెడ్‌ఫోన్‌లోనూ శబ్దం చుట్టూ వినిపించాలి కదా అన్న ఆశతోనే మొదలుపెట్టాను.

మొదట డబ్బా మీద 7.1 (చుట్టూ ఏడు స్పీకర్లు, బేస్‌కి ఒకటి అన్న లెక్క) అని పెద్దగా రాసి ఉన్న హెడ్‌సెట్ కొన్నాను. బటన్ నొక్కితే ఖాళీ ధాన్యం గోడౌన్‌లో మాట్లాడుతున్నట్టు ప్రతి గొంతుకీ మోత తగులుకునేది. చుట్టూ వినిపించడం మాత్రం లేదు. నెల తిరక్కుండా పక్కన పెట్టేశాను. ఆ డబ్బులు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత మామూలు స్టీరియో హెడ్‌ఫోన్ తీసుకుని, విండోస్‌లో ఉచితంగా ఉండే విండోస్ సోనిక్ అనే సరౌండ్ సౌండ్ సదుపాయం ఆన్ చేశాను. అది 2017 నుంచీ ఉంది. కొన్నాళ్లకు ఒక్కసారి డబ్బు కట్టి అదే పని చేసే డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్ కూడా తీసుకున్నాను. అసలు రుచి అప్పుడు తెలిసింది.

ఇది పనిచేసే తీరు ఇదీ. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, తల అడ్డం కాబట్టి కాస్త తగ్గి వెళ్తుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. పైనుంచి వచ్చిందా, వెనక నుంచి వచ్చిందా అన్నది చెవి దొప్ప మడతలు చెబుతాయి. ఈ తేడాలన్నీ లెక్కగట్టి శబ్దంలో ముందే కలిపేస్తారు. ఆ లెక్క పేరే హెచ్‌ఆర్‌టీఎఫ్.

సినిమాలకైతే దీన్ని వదులుకోలేను. ఇంట్లో అందరూ పడుకున్నాక 5.1 ట్రాకు ఉన్న సినిమాలో వాన పడుతుంటే, మా పెంకుటింటి వసారాలో కూర్చున్నట్టే ఉంటుంది. అయితే ఆ ట్రాకు నిజంగా రావాలి. బ్రౌజర్‌లో చూస్తే చాలాసార్లు స్టీరియోయే వస్తుంది, అదే సినిమా యాప్‌లో పెడితే తేడా తెలుస్తుంది. పాటలకు మాత్రం ఆపేయండి. గాయని గొంతు దూరం జరిగిపోతుంది, మృదంగం దెబ్బలో పదును పోతుంది. మా తమ్ముడు వాలరెంట్ ఆడేటప్పుడు గేములోని హెచ్‌ఆర్‌టీఎఫ్, విండోస్‌లోది రెండూ ఆన్‌లో ఉంచేవాడు. అడుగుల చప్పుడు అలుక్కుపోయేది. గేములోది ఒక్కటే ఉంచాక సర్దుకుంది.

మా ఉక్కపోతకి రెక్సిన్ ఇయర్‌ప్యాడ్లు ఏడాదిలో పొరలుగా ఊడిపోయాయి. గుడ్డవి వేశాను. బేస్ కొంచెం తగ్గింది కానీ చెవులకు హాయి.

అసలు లోపం నాన్నగారి వల్ల తెలిసింది. ఆయనకు హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో ఛానెల్ విడిగా వినిపించే టెస్ట్ ఫైల్ వేశాను. పక్కలవి, వెనకవి సరిగ్గా చూపించారు. ఎదుటి స్పీకర్ శబ్దం వస్తే మాత్రం వీపు వెనక్కి చెయ్యి చూపించారు. నాకూ సరిగ్గా రాదు, ఎదుటి మాటలు నెత్తి మీదే వినిపిస్తాయి. ఎవరి చెవి దొప్ప వాళ్లది, ఆ లెక్కేమో ఇంకెవరి చెవులతోనో వేసినది. పైగా కొబ్బరికాయ చప్పుడప్పుడు ఆయన మంచం మీద తల కాస్త తిప్పుతారు, దాంతో ముందూ వెనకా తేలిపోతుంది. హెడ్‌ఫోన్‌లో తల తిప్పితే శబ్దమూ తలతో పాటే తిరుగుతుంది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ తన ఎయిర్‌పాడ్స్ ప్రో ఇచ్చాడు. వాటిలో హెడ్ ట్రాకింగ్ ఉంది, అంటే తల ఎటు తిరిగిందో కనిపెట్టి శబ్దాన్ని ఉన్నచోటే నిలుపుతాయి. 2022లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16 నుంచి ఫోన్ కెమెరాతో చెవిని చూపించి లెక్క సరిచేసుకోవచ్చు కూడా. నాన్నగారి చెవులు చూపించి, సినిమా పెట్టి, తల అటూ ఇటూ తిప్పమన్నాను. మాటలు ఫోన్ దగ్గరే నిలబడ్డాయి. ఈసారి ఆయన చెయ్యి తిన్నగా ఎదురుగానే చూపించింది. నా తర్వాతి ఖర్చు హెడ్ ట్రాకింగ్ ఉన్నదాని మీదే.