ఆఫీసు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్, అందులో లినక్స్ మింట్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

తక్కువ డబ్బుతో ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఒక్క లెక్క పెట్టుకుంటే చాలని నా నమ్మకం. తర్వాత మార్చుకోలేని భాగాల మీద డబ్బు పెట్టాలి, మార్చుకోగలిగిన వాటిని తర్వాతకు వదిలేయాలి. ప్రాసెసర్, కీబోర్డ్, బాడీ కొన్న రోజు ఎలా ఉంటాయో చివరిదాకా అవే. స్క్రీన్ మార్చడం కొన్నిట్లో కుదిరినా ఖర్చెక్కువ. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మాత్రం చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మార్చుకోవచ్చు, మెషిన్ అందుకు వీలిస్తే.

ఆ వీలు కోసమే నేను కొత్తది వదిలేసి, ఆఫీసులు కొన్నాళ్లు వాడి అమ్మేసే బిజినెస్ తరగతి ల్యాప్‌టాప్ తీసుకున్నాను. థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ఈ తరగతివే. నాది ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎందుకంటే నేను చెప్పబోయేది వీటిలో చాలా వాటికి వర్తిస్తుంది. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్ (పక్క నుంచి చూసినా రంగులు మారని రకం), ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు. కొన్నప్పుడు 8 జీబీ ర్యామ్ ఉండేది, తర్వాత 16 చేశాను. ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ కాదు, ఉచితంగా వాడుకునే లినక్స్ మింట్, సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. మింట్ 21తో మొదలుపెట్టి ఇప్పుడు 22 మీద ఉన్నాను. రోజూ రాయడం, స్ప్రెడ్‌షీట్లు, వీడియో కాల్స్, కొంచెం ప్రోగ్రామింగ్, అప్పుడప్పుడు ఫొటోలు సరిచేసుకోవడం, ఇవన్నీ దీని మీదే.

చాలామంది ముందు ల్యాప్‌టాప్ చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి తర్వాత ఆలోచిస్తారు. బడ్జెట్ తక్కువైనప్పుడు ఈ వరస తిరగేయడమే మంచిది. మీరు వదులుకోలేని ప్రోగ్రామ్ ఏదో ముందు తేల్చుకోండి. ఫొటోషాప్ లేనిదే మీ పని జరగదంటే లినక్స్ గురించి ఆలోచించకండి, అది లినక్స్‌కు లేదు. ఆఫీసువాళ్లు పంపే ఎక్సెల్ ఫైళ్లలో పెద్ద పెద్ద మ్యాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసిన చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయంటే కూడా అంతే. మీ పనిలో ముప్పాతిక వంతు బ్రౌజర్‌లోనే జరిగిపోతుంటే మాత్రం లైసెన్స్ కోసం పెట్టే డబ్బు ఇంకో 8 జీబీ ర్యామ్‌కు పనికొస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో కూడా విండోస్ లేకుండా, డాస్ అనో లినక్స్ అనో రాసి తక్కువకు అమ్మే మోడళ్లు ఉంటాయి.

ఎనిమిదో తరం అని పట్టుబట్టడానికి రెండు కారణాలు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి. అంటే ఈ గీత దాటిన మెషిన్ కొంటే రేపు మనసు మార్చుకుని విండోస్‌కు వెళ్లాలన్నా దారి మూసుకుపోదు. రెండో కారణం ఇంకా పెద్దది. ఏడో తరం దాకా పల్చటి ల్యాప్‌టాప్‌లలో వచ్చిన యూ రకం ఐ5లో ఉన్నవి రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు. 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచి నాలుగయ్యాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఏడో తరం 7200యూకీ ఎనిమిదో తరం 8250యూకీ పేరులో పెద్ద తేడా కనిపించదు, వాడకంలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఈ రెంటి ధరలూ దగ్గర దగ్గరగా ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో జాగ్రత్త. కొత్త మోడళ్లలో కూడా నంబర్ పెద్దదైతే చిప్ కొత్తదని అనుకోకూడదు. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 7520యూ అన్న పేరు చూస్తే 7000 సిరీస్ కదా అనిపిస్తుంది. లోపల ఉన్నది జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్. ఇందులో మూడో అంకె చూడాలి, అది 2 అయితే జెన్ 2, 3 అయితే జెన్ 3. అందుకే 7530యూ దీనికంటే చాలా మెరుగు. పైగా 7520యూ మెషిన్లలో ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది. 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే.

నేను కొత్తవాటిని వదిలేయడానికి అసలు కారణం ఈ అతికించిన ర్యామే. తక్కువ ధర కొత్త మోడళ్లలో దీనితోపాటు ఎస్‌ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ అనే నెమ్మది స్టోరేజ్ పెడతారు, రంగులు వెలిసినట్టుండే స్క్రీన్ పెడతారు. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధి), 250 నిట్స్ (వెలుతురు) అని కనబడితే ఫొటోల పనికి అది పనికిరాదని అర్థం. రోజుకు ఎనిమిది గంటలు చూసే వస్తువు స్క్రీన్, అక్కడ రాజీ పడితే కళ్లకే కష్టం. సెకండ్‌హ్యాండ్ బిజినెస్ మోడళ్లలోనూ 1366 బై 768 రిజల్యూషన్ టీఎన్ స్క్రీన్లు (పక్క నుంచి చూస్తే రంగులు మారే పాత రకం) చాలా తిరుగుతుంటాయి. అదే మోడల్ పేరు, అదే ప్రాసెసర్, స్క్రీన్ మాత్రం వేరు. అమ్మేవాళ్లను రిజల్యూషన్ ఎంతో, ఐపీఎస్ అవునో కాదో విడిగా అడగాల్సిందే.

వాడినది కొనేటప్పుడు తప్పకుండా చూడాల్సింది బయోస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు నడిచే మెషిన్ సొంత సెట్టింగ్‌ల ప్రోగ్రామ్. ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేవాళ్లకు అది తెలియకపోతే, ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ఆ లాక్ తీయడం ఎవరికైనా పెద్ద తలనొప్పి. తర్వాత బ్యాటరీ డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ ఛార్జ్‌లో ఎంత పడుతోంది అన్న రెండు అంకెలు చూడాలి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు, మింట్‌లో పవర్ స్టాటిస్టిక్స్‌లో కనిపిస్తుంది. రెండో అంకె మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకుని బేరం ఆడాలి.

మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. లైవ్ మోడ్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్ మొత్తం నడుస్తుంది. వైఫై దొరుకుతోందా, స్పీకర్, మైక్, కెమెరా పనిచేస్తున్నాయా, వెలుతురు పెంచే తగ్గించే కీలు పలుకుతున్నాయా, మూత మూసి తెరిస్తే నిద్రలేస్తోందా, ఇవన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌కు కూడా ఈ పరీక్ష వర్తిస్తుంది. నిజానికి మరీ కొత్త చిప్‌లతోనే లినక్స్‌లో ఎక్కువ ఇబ్బంది, వాటిని నడిపే డ్రైవర్లు లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి చేరడానికి కొంత సమయం పడుతుంది.

ఇక వాడకం. మింట్ నాకు నచ్చిన మొదటి కారణం అది తన దారిన తాను ఉంటుంది. అప్‌డేట్లు వచ్చాయని మూలన చిన్న గుర్తు చూపిస్తుంది, ఎప్పుడు వేసుకోవాలన్నది నా ఇష్టం. పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న టెన్షన్ లేదు. మింట్ 22 పునాది ఉబుంటు అనే మరో లినక్స్, అందులో ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే 24.04 ఎల్‌టీఎస్, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 21 నుంచి 22కి మారడానికి వాళ్లే ఇచ్చిన అప్‌గ్రేడ్ టూల్ వాడాను, ఫైళ్లూ సెట్టింగ్‌లూ అలాగే ఉన్నాయి. దానికి ముందు టైమ్‌షిఫ్ట్ తో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితి కాపీ) తీయమని అదే అడుగుతుంది. టైమ్‌షిఫ్ట్ మింట్‌తోనే వస్తుంది, సిస్టమ్ ఫైళ్లను పాత స్థితికి తిప్పుతుంది. ఒకసారి ఒక అప్‌డేట్ తర్వాత బ్లూటూత్ మొరాయిస్తే వెనక్కి తిప్పి, సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా హాయిగా పని చేసుకున్నాను. అయితే మీ సొంత ఫైళ్లకు అది బ్యాకప్ కాదు, దానికి వేరే డిస్క్ పెట్టుకోవాలి.

8 జీబీ ఉన్నప్పుడు కూడా మింట్ ఇబ్బంది పెట్టలేదు. ఆన్ చేయగానే అది తీసుకునేది నా దగ్గర ఒకటి, ఒకటిన్నర జీబీ మధ్య. బ్రౌజర్ ట్యాబులు పెరిగి, పక్కన వీడియో కాల్ నడుస్తుంటే మాత్రం 8 బిగుతుగా అనిపించేది. 16 చేశాక ఆ ఊసే లేదు. ఇంకో లాభం, రెండు స్లాట్లలో సమానమైన స్టిక్కులు పెడితే మెమరీ డ్యుయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తుంది, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు అది బాగా కలిసొస్తుంది. ఎస్‌ఎస్‌డీ విషయంలో అంత తర్కం అక్కర్లేదు. పాత సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, కొత్త ఎన్‌వీఎంఈ రకం దానికి ఎన్నో రెట్లు వేగం, కానీ మామూలు పనుల్లో ఆ తేడా పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారితే మాత్రం మెషిన్ తిరిగి పుట్టినట్టే.

ఎంఎస్ ఆఫీస్ బదులు లినక్స్‌లో వాడే లిబ్రే ఆఫీస్ గురించి ఒక కిటుకు. వర్డ్ ఫైళ్లు తెరిస్తే పేజీలు చెదిరిపోతాయని చాలామంది ఫిర్యాదు. చాలాసార్లు తప్పు ఫాంట్‌ది. క్యాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లు లినక్స్‌లో ఉండవు. వాటి బదులు కార్లిటో, క్యాలడియా ఫాంట్లు ఉంటే అక్షరాల వెడల్పు సరిగ్గా సరిపోతుంది, లైన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నా మటుకు రెజ్యూమెలు, ఉత్తరాలు, మామూలు నివేదికలు ఇబ్బంది లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి. టెక్స్ట్ బాక్సులూ బొమ్మలూ కిక్కిరిసిన డాక్యుమెంట్లు మాత్రం పీడీఎఫ్‌గా పంపడమే నయం.

తెలుగు రాసేవాళ్లకు లినక్స్ చాలా సుఖం, ఈ మాట ఎక్కడా గట్టిగా చెప్పినట్టు కనబడదు కాబట్టి నేను చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకు విడిగా కీలు ఉండే లేఅవుట్) వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్‌లలో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లకు ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అనే రెండు పద్ధతులూ దొరుకుతాయి. ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రే ఆఫీస్‌లోనూ ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటాయి. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మాత్రం అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టే నాకు అది రోజూ చివుక్కుమనిపించే లోటు.

ఇంకొన్ని లోట్లు కూడా చెప్పాలి. వేలిముద్ర రీడర్ ఇప్పటికీ పనిచేయదు, ఆ చిప్‌కు లినక్స్ డ్రైవర్ లేదు. కొన్ని ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను ఒప్పుకోదు, ఆటలే ప్రధానమైతే విండోస్‌లో ఉండడమే మేలు. వీడియోల విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్ వీపీ9 అనే వీడియో ఫార్మాట్‌ను హార్డ్‌వేర్‌తోనే చూపిస్తుంది, 2023లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌కు లినక్స్‌లో ఇది మామూలుగానే ఆన్ అయి వస్తుంది. దాని తర్వాత వచ్చిన ఏవీ1 ఫార్మాట్ మాత్రం దీనికి రాదు, ఆ భారం ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. ఏవీ1 వద్దని చెప్పే సెట్టింగ్ బ్రౌజర్‌లో ఉంది, అది మార్చాక నా ఫ్యాన్ నెమ్మదించింది.

14 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ అంటే అక్షరాలు సన్నగా ఉంటాయి. స్క్రీన్ మొత్తాన్ని పెంచే స్కేలింగ్ జోలికి పోకుండా ఫాంట్ సైజ్ మాత్రం 1.2 రెట్లు చేసుకున్నాను, కళ్లకు హాయిగా ఉంది, మెషిన్‌కు బరువు లేదు.

బ్యాటరీ ఒకసారి మార్చాను. స్క్రూలు తీసి అడుగు మూత ఊడదీస్తే చేతికి అందే చోటే ఉంది. కొత్తది వేశాక 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయేలా పెట్టాను. చాలా బిజినెస్ మోడళ్లలో ఈ ఏర్పాటు బయోస్‌లోనే ఉంటుంది, లేకపోతే టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ కొన్ని మోడళ్లలో ఆ పని చేస్తుంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లకు ఇది చాలా అవసరం.

విండోస్ కూడా ఉంచుకోవాలనుకునేవాళ్లు డ్యుయల్ బూట్‌కు (ఒకే మెషిన్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడానికి) ముందు మూడు పనులు చేయాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అన్న సెట్టింగ్ ఆపేయాలి, లేకపోతే విండోస్ డ్రైవ్‌లోకి లినక్స్ నుంచి రాయడం కుదరదు. విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి విడిగా రాసి పెట్టుకోవాలి, మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. ఫైళ్లన్నీ బయట డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. తర్వాత విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తే కంగారు పడక్కర్లేదు. లినక్స్ లోపలి గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది. మింట్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.

ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే ఎనిమిదో తరం దగ్గర ఆగను, కాస్త కూడబెట్టి పదకొండో తరం ఇంటెల్ దాకా వెళ్తాను, ఏవీ1 వీడియో అక్కడి నుంచే హార్డ్‌వేర్‌లో ఉంది. ఏఎండీ అయితే జెన్ 3 మోడల్ చూస్తాను. ఏదైనా కనీసం ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగానో, మార్చేలాగో ఉండాలి. ఆ డబ్బు కూడా లేనివాళ్లు ఎనిమిదో తరం తీసుకుని, మంచి స్క్రీన్ ఉన్నదాని కోసం కొన్ని వారాలు ఓపిక పట్టినా నష్టమేమీ లేదు.