ఏ దేశపు సంతూర్ మేలు? ముందు శ్రుతి సంగతి చూడండి

"మాస్టారూ, పాపకి సంతూర్ కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు?"

ఈ ఏడాది ఈ మాట నన్ను పది మందైనా అడిగి ఉంటారు. నెల్లూరులో నేను నేర్పేది వయొలిన్. కానీ రెండేళ్ల కిందట మా ఇంటికి ఒక కాశ్మీర్ సంతూర్ వచ్చింది. అప్పట్నుంచి క్లాసు అయిపోయినా పిల్లలు ఇళ్లకు కదలరు, దాని చుట్టూ చేరతారు. ఇంటికెళ్లాక ఫోన్లో వెతుకుతారు. ఇరాన్ సంతూర్ కనిపిస్తుంది, చైనా యాంగ్‌చిన్ కనిపిస్తుంది, హంగరీ చింబలం కనిపిస్తుంది. చూడ్డానికి అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉంటాయి. చెక్క పెట్టె, దాని మీద వరసగా తీగలు, చేతుల్లో రెండు పుల్లలు. తేల్చుకోలేక అమ్మానాన్నలు మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాస్తున్నాను.

ముందు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఆ సంగతి తీసి పక్కన పెడదాం. మనవాళ్లు మొదట అడిగేది అదే, వీణలాగా గమకం పలుకుతుందా అని. పలకదు. తీగను కొట్టి పుల్ల పైకి లేపాక స్వరం మన చేతిలో ఉండదు. తీగను పక్కకు లాగడానికి కింద వీణకున్నట్టు మెట్లు లేవు. చైనా వాళ్లు వేలికి తొడుగు వేసుకుని తీగ మీద రాసి కాస్త జారుడు తెప్పిస్తారు. కాశ్మీర్ సంతూర్ మీద పుల్లను తీగల వెంట వణికిస్తూ జార్చి స్వరాన్ని సాగదీస్తారు. ఆ సంతూర్‌ను కచేరీకెక్కించిన విద్వాంసుడు శివకుమార్ శర్మ (1938-2022) ఏళ్ల తరబడి కష్టపడింది ఈ పని మీదే. ఆయన 1955లో బొంబాయిలో మొదటి కచేరీ చేసినప్పుడు పెద్దలు ఎత్తిచూపిన లోపం కూడా ఇదే, గాత్రంలా సాగని వాద్యం శాస్త్రీయ సంగీతానికి ఎలా పనికొస్తుందని. ఆయన తన చేతులతోనే జవాబు చెప్పారు. అయినా మన తోడి రాగంలో గాంధారం ఊగినట్టు ఈ జాతిలో ఏ వాద్యం మీదా ఊగదు. మోహనం, హంసధ్వని, శుద్ధసావేరి హాయిగా పలుకుతాయి, తోడి మీద ఆశ పెట్టుకోకండి. అందరికీ సున్నానో రెండో మార్కులొచ్చిన పేపర్ పెట్టుకుని ఫస్టు ర్యాంకు ఎవరిదో ఎలా తేలుస్తాం?

తేల్చేది శ్రుతి.

వయొలిన్‌కు నాలుగు తీగలు, వీణకు ఏడు. ఈ జాతి వాద్యాల్లో ఒక్కో స్వరానికే మూడో నాలుగో తీగలుంటాయి, అన్నీ ఒకే శ్రుతిలో ఉండాలి. ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా స్వరంలో అల లేస్తుంది. ఆ అల సన్నగా ఉంటే వినడానికి బాగానే ఉంటుంది, నిజానికి సంతూర్ మెరుపులో కొంత దానిదే. కొంచెం ఎక్కువైతే మాత్రం పగిలిన గంట కొట్టినట్టుంటుంది. చెయ్యి తిరిగినవాడికి తీగకు అర నిమిషం అనుకోండి. నూరు తీగలకు యాభై నిమిషాలు. కొత్తవాళ్లకు దీనికి రెండింతలు. పాప సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చి వాయించుకోవడానికి ఉండే టైమే ఒక గంట.

అదీ ఒక్కసారితో అయిపోయే పని కాదు. నా సంతూర్ వచ్చిన మొదటి కార్తీకం గుర్తుంది. మన జిల్లాలో అసలు వానలు అప్పుడే కదా. నాలుగు రోజులు ముసురు పట్టింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ట్యూనర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. కింది షడ్జం నుంచి మొదలుపెట్టి పై షడ్జం దాకా వెళ్లి, తృప్తిగా మళ్లీ కింది షడ్జం కొడితే అది దిగిపోయి ఉంది. తీగలు ఒకవైపు బిగించుకుంటూ పోతే ఆ బరువుకు పైపలక కొద్దిగా కుంగుతుంది, ముందు బిగించినవి వదులవుతాయి. అందుకని ఎప్పుడూ రెండు చుట్లు తిరగాల్సిందే. రెండో చుట్టు అయ్యేసరికి పదకొండు. తెల్లారి చూస్తే మొత్తం శ్రుతి పైకెక్కి కూర్చుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బింది, పలక లేచి తీగలను బిగలాగింది. మే నెలలో దీనికి ఎదురు. చెక్క ఎండుతుంది, ఇనుప తీగ వేడికి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. మధ్యలో ఎవరో ఉక్కగా ఉందని ఏసీ వేస్తారు, తీగలు క్షణాల్లో చల్లబడి బిగుస్తాయి, చెక్క మాత్రం తన టైమ్ తను తీసుకుంటుంది. కాశ్మీర్ చలిలోనో టెహ్రాన్ పొడిగాలిలోనో పుట్టిన పెట్టెను మైపాడు ఉప్పుగాలికి తెచ్చి పెడితే ఇలాగే ఉంటుంది మరి. ఆ ముసురు వదిలేనాటికి తీగల మీద కుంకుమ రాసినట్టు సన్నగా తుప్పు.

కాబట్టి ఏ వాద్యం గురించైనా నేను అడిగేవి రెండే. ఎన్ని తీగలు శ్రుతి చెయ్యాలి? రాగం మారినప్పుడల్లా ఎన్ని తిప్పాలి?

ఇరాన్ సంతూర్‌లో 72 తీగలు. రెండు వైపులా తొమ్మిదేసి గుర్రాలు, గుర్రానికి నాలుగు తీగలు. తీగల కింద నిలబెట్టే బ్రిడ్జిని వీణవాళ్లం గుర్రం అంటాం కదా. ఇరాన్ వాళ్లు దాన్ని ఖరక్ అంటారు, అంటే చిన్న గాడిద. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఆ వాద్యం మీద ఇష్టం ఇంకా పెరిగింది. కుడివైపు గుర్రాల మీద పసుపు తీగలు కింది స్థాయికి (మంద్రం), ఎడమవైపు తెల్ల తీగలు మధ్యస్థాయికి. తెల్ల తీగలను గుర్రానికి అవతలి పక్క కొడితే అవే ఒక స్థాయి పైన పలుకుతాయి. అంటే 18 గుర్రాలకు శ్రుతి చేస్తే 27 స్వరాలు చేతికొస్తాయి. లెక్క చూస్తే చాలా పొదుపైన వాద్యం. మెజ్రాబ్ అనే వాళ్ల పుల్లలు మూడు వేళ్ల మధ్య ఈకల్లా తేలిగ్గా ఉంటాయి. స్వరం నిలపాలంటే రెండు పుల్లలతో వాన చినుకుల్లా గబగబా కొడతారు, దాన్ని రీజ్ అంటారు. ఇరాన్ విద్వాంసుడు ఫరామర్జ్ పాయ్‌వర్ (1933-2009) వాయిద్యం దొరికితే వినండి, ఒక్క దెబ్బ కూడా పొల్లు పోదు.

చిక్కు రెండో ప్రశ్న దగ్గర వస్తుంది. ఆ సంతూర్‌లో స్థాయికి ఏడు స్వరాలే. మన రాగం లాంటి వాళ్ల దస్త్‌గాహ్‌కు తగినట్టు పెట్టుకుని, అందులోనే ఉండి వాయిస్తారు. మన పిల్లలు సరళీ వరసలు మాయామాళవగౌళలో మొదలుపెడతారు, గీతాలకొచ్చేసరికి మోహనం వస్తుంది. శుద్ధ రిషభం ఒక స్థానం పైకెక్కి చతుశ్రుతి కావాలి, శుద్ధ ధైవతం కూడా అంతే. ఒక్కో స్వరానికి మంద్రంలో నాలుగు తీగలు, మధ్యస్థాయిలో నాలుగు. తక్కువలో తక్కువ 16 తీగలు తిప్పాలి. గీతం పూర్తయ్యాక మళ్లీ వరసలు చదవమంటే ఆ పదహారూ వెనక్కి. వాటితో పాటు ఆ చిన్న గాడిద అటో ఇటో జరిగిందంటే అవతలి పక్క స్థాయి తప్పుతుంది.

కాశ్మీర్ సంతూర్ సంగతి వేరు. పాతకాలం నుంచి అక్కడి సూఫీల సూఫియానా సంగీతంలో వాడుకున్న ఆ వాద్యానికి నూరు దాకా తీగలు. శతతంత్రీ వీణ అన్న పేరు దీనిదేనంటారు. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న గొడవలోకి నేను పోను. శివకుమార్ శర్మ చేసిన మార్పుల్లో నాలాంటి వాడికి అన్నిటికంటే పనికొచ్చింది గుర్రానికి నాలుగు తీగలను మూడుకు తగ్గించడం. ఇక్కడ తీగ ఒక పక్కనే పలుకుతుంది, కాబట్టి గుర్రానికి ఒక స్వరమే. ఇరాన్ దానితో పోలిస్తే దుబారా. కానీ 25 గుర్రాలుంటే రెండు స్థాయిల్లో పన్నెండేసి స్వరస్థానాలు, పైన ఒక తారషడ్జం సరిగ్గా సరిపోతాయి. కచేరీ చేసేవాళ్లు చాలామంది రాగానికి తగ్గట్టే శ్రుతి మార్చుకుంటారు, అది వాళ్ల పద్ధతి. నేర్చుకునే పిల్లలకు మాత్రం పన్నెండూ పెట్టేయమంటాను. నా దానికి 25 గుర్రాలు, మూడేసి చొప్పున 75 తీగలు. లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇరాన్ దానికి ముప్పై ఆరు. రెండు నిమిషాలే తేడా, ఆ తర్వాత మాయామాళవగౌళ నుంచి మోహనానికి, అక్కడి నుంచి కల్యాణికి పోయినా తీగలు బిగించే తాళంచెవి ముట్టుకోనక్కర్లేదు. రెండు స్థాయిలకు మించి లేదన్నది నిజమే, వర్ణాల్లో ఒక్కోచోట ఇబ్బంది పడతాం. పడితే పడ్డాం.

ఇంకోటి. పాతరోజుల్లో ముందు ఒక చెక్క పీట వేసి దాని మీద పెట్టి వాయించేవారు. శివకుమార్ గారు ఒడిలోకి తెచ్చుకున్నారు. ఒళ్లో ఉంటే అనవసరమైన మోత తగ్గుతుంది, అరచెయ్యి అంచు ఆనించి స్వరాన్ని ఆపడం కూడా సులువు. బాసింపట్టు వేసుక్కూర్చోవడం అలవాటైన మన పిల్లలకు ఇది కొత్తేం కాదు.

నా పక్షపాతం ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

స్వరం ఆపే విషయంలో మాత్రం మొనగాడు హంగరీ చింబలం. బుడాపెస్ట్‌లో యోజెఫ్ షుండా 1874 ప్రాంతంలో దానికి నాలుగు కాళ్లు, కాలితో తొక్కే పెడల్ పెట్టాడు. పెడల్ వదిలితే మెత్తలు వచ్చి తీగలను పట్టుకుంటాయి, స్వరం ఠక్కున ఆగుతుంది. దూది చుట్టిన పుల్లలతో ఒక పక్క గుసగుసలా, ఒక పక్క ఉరుములా వాయిస్తారు. కోడాయ్ లాంటి హంగరీ స్వరకర్తలు సింఫనీ ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టారు. నూటపాతిక దాకా తీగలు, మోయడానికి ముగ్గురు మనుషులు. మన మేడ మెట్లెక్కించే పనేనా అది? యూట్యూబ్‌లో వినండి, చాలు.

చైనా యాంగ్‌చిన్ పేరుకు మొదట్లో అర్థం పరదేశపు వాద్యమని. తర్వాత అదే పలుకున్న ఇంకో అక్షరంతో రాసి సొంతం చేసుకున్నారు. సన్నటి వెదురు పుల్లలు, చివర రబ్బరు. ఆ పుల్ల వంగి కొడుతుంటే ఒక దెబ్బకు రెండు దెబ్బలు పడ్డట్టుంటుంది. ఈ రోజు వాడే పెద్ద రకానికి తీగలు 140 పైనే, అంటే నా లెక్కలో గంటా పది నిమిషాలు. కాకపోతే పక్కల ఉండే చిన్న లోహపు ముక్కలను జరిపి సన్నగా సరిచేసుకునే ఏర్పాటుంది, ఆ తెలివి మాత్రం మనవాళ్లు తెచ్చుకోవాల్సిందే. థాయ్‌లాండ్ ఖిమ్‌కు 42 తీగలే, సంప్రదాయంగా ఇత్తడివి, మన ఉప్పుగాలికి అచ్చంగా సరిపోయేవి. స్వరాలు మనకు చాలవు. ఆల్ప్స్ కొండల హాక్‌బ్రెట్, అమెరికా డల్సిమర్ వాళ్ల పాటలకు వాళ్లవి, వాటి జోలికి మనం పోనక్కర్లేదు.

ఒక కష్టం కూడా చెప్పాలి. నేను ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించుకుంటే మూడు గుర్రాలు పగిలి, ఒక పుల్ల విరిగి వచ్చింది. ఫోన్ చేస్తే రవాణాలో జరిగింది, మాకు సంబంధం లేదన్నారు. గుర్రాలు మా వీధి వడ్రంగి చెక్కాడు. పుల్ల దగ్గర అతను చేతులెత్తేశాడు. సంతూర్ పుల్లను కలం అంటారు. అసలైతే వాల్‌నట్ కర్రతో చేస్తారు, కొస నాజూగ్గా వంపు తిరిగి ఉంటుంది, బరువు రవ్వంత అటూఇటూ అయినా చేతిలో తేడా తెలుస్తుంది. చివరికి ఉదయగిరి వెళ్లాను. చెక్క గరిటెలకు, చెంచాలకు పేరున్న ఊరు కదా. అక్కడొక పెద్దాయన విరిగిన ముక్కలు కలిపి పట్టుకుని అటూఇటూ తిప్పి చూశాడు.

"ఏందయ్యా ఇది, గుంట లేని గరిటె?"

సంగీతానిదని చెప్పాను. ఆకురాయితో రాస్తూ, వేలి మీద ఆనించి తూకం చూస్తూ, మళ్లీ రాస్తూ మధ్యాహ్నానికి రెండు చేసిచ్చాడు. వాల్‌నట్ కంటే గట్టి కర్ర, మోత కాస్త కరుకు. కొసన పలుచగా తోలు ముక్క అంటించుకున్నాను. ఇప్పుడు నేను వాయించేది వాటితోనే. ఇరాన్‌దో చైనాదో కొని ఉంటే విడిభాగాల కోసం ఎన్ని నెలలు చూసేవాడినో.

ఈ మధ్య ఎవరైనా వచ్చి అడిగితే ముందు ధరలు చెప్పడం మానేశాను. పిల్లను నా సంతూర్ ముందు కూర్చోబెట్టి, ఒక గుర్రం మీది మూడు తీగలు వదులు చేసి, తాళంచెవి చేతికిచ్చి మూడింటినీ ఒకే శ్రుతికి తెమ్మంటాను. చాలామంది పది నిమిషాలకే కీబోర్డు ధర అడుగుతారు. అదీ మంచిదే. కిందటి ఆదివారం కోవూరు నుంచి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. మూడూ కలిపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వాళ్ల నాన్న వాకిట్లో బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. ఆ పిల్ల వినిపించుకోకుండా పక్క గుర్రం మీద తీగ మీటి, చెవి దగ్గరగా పెట్టి, "ఇది కూడా తప్పుంది సార్" అంది.

నేను చూసుకోలేదు. నిజంగానే తప్పుంది.