అంతర్వేది తీరంలో రీలు కెమెరాతో రాత్రి ఆకాశం

2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఎర్రటి ధ్రువకాంతి (అరోరా) కెమెరాలకు చిక్కింది. కోనసీమ ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఇక్కడ ఆ ఆశ పెట్టుకోలేం. కానీ రాత్రి ఆకాశాన్ని రీలు (ఫిల్ము) మీద తీయాలన్న కోరికకి మాత్రం నార్వే దాకా పోనక్కర్లేదు. ఫిబ్రవరిలో అమావాస్య చూసుకుని అంతర్వేది వెళ్లి, కెమెరాని సముద్రం వైపు తిప్పండి.

ఉత్తరాన ఊళ్ల లైట్లు, రొయ్యల చెరువుల లైట్లు. ధ్రువనక్షత్రమేమో కొబ్బరిచెట్ల మీదుగా 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సముద్రం వైపు చీకటి చిక్కగా ఉంటుంది. రాత్రి తొలిజాములో నడినెత్తిన గొల్లకావిడి (ఓరియన్‌లోని మూడు చుక్కలు), దక్షిణాన అగస్త్యుడు (కనోపస్ నక్షత్రం). మూడు గంటల వేళకి నీళ్లకి కాస్త పైన త్రిశంకు (సదరన్ క్రాస్) చుక్కలు. ధ్రువకాంతి కోసం నార్వే వెళ్లినవాళ్లకి అగస్త్యుడు, త్రిశంకు కనబడవు!

బస విషయానికొస్తే, కుటుంబంతో వెళ్తే దిండి బాగుంటుంది. గోదావరి ఒడ్డు, హౌస్‌బోట్లు, మంచి చేపల పులుసు. ఫొటోలకి మాత్రం రాత్రంతా వెలిగే తోట దీపాలు అడ్డం. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీయగానే లెన్స్ చెమర్చేస్తుంది, అరగంట సేపు సంచిలోనే ఉంచాలి. అంతర్వేదిలో సత్రాలు, మామూలు లాడ్జీలే. నా ఓటు వాటికే, తీరం దగ్గర కాబట్టి. భోజనం సంగతి ముందే మాట్లాడుకోండి. స్వామివారి కల్యాణం రోజుల్లో వద్దు, జనం, లైట్లు, పైగా వెన్నెల. ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ వెలుగు. కోరింగ మడ అడవి పగటిపూట చూడటానికే.

నరసాపురం నుంచి వస్తే సఖినేటిపల్లి రేవుకి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దగ్గర దారి. రాత్రి తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఆటో మాట్లాడుకుని ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. మా ఆటో ఆయన "ఆయ్, లైటు ఆర్పేత్తానండి" అని చీకట్లోనే ఓపిగ్గా కూర్చున్నాడు. అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చి రావాలనిపించింది.

కెమెరా నికాన్ ఎఫ్ఎం2 లాంటి మెకానికల్ షట్టరుది అయితే మేలు, గంట తెరిచి ఉంచినా బ్యాటరీ తినదు. రీలుకి ఇంకో గుణం ఉంది: ఎక్కువసేపు తెరిచే కొద్దీ వెలుగు పట్టే శక్తి తగ్గుతుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 రీలు మీద, వెలుగు కొలిచే మీటరు 30 సెకన్లు చూపిస్తే 86 సెకన్ల దాకా ఇవ్వాలి. చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి కాబట్టి 40 నిమిషాలు తెరిస్తే చక్కటి గీతలు పడతాయి. అసలు శత్రువు తేమ. ఒక్కో ఫ్రేము అయ్యాక, షట్టరు మూసి ఉన్నప్పుడే లెన్స్ మీద టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. అద్దం మీద సన్నటి ఆవిరి పొర కనిపిస్తే మెత్తటి గుడ్డతో అద్ది, టార్చి ఆర్పి, అప్పుడు తర్వాతి ఫ్రేము తెరవండి. కెమెరా కదలకూడదు.

ఇక డెవలపింగ్. రాత్రి ఫ్రేముల అంచులు తెలియక, కొరియర్‌లో పంపిన రీలుని ఒక ల్యాబ్‌లో త్రిశంకు మధ్యలోంచి కోసేశారు. ఆ ఫ్రేము మళ్లీ రాదు. స్కాన్‌లో నల్లటి ఆకాశాన్ని బూడిద రంగు చేసి పంపారు. అందుకే ల్యాబ్‌వాళ్లకి ఫ్రేము అంచు తెలిసేలా మొదటి ఫ్రేము పగలు తీయండి, డబ్బా మీద "కట్ చేయొద్దు, స్కాన్‌లో వెలుగు పెంచొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, పంపాక ఫోన్ చేసి కూడా చెప్పండి.