మా మండల శాఖా గ్రంథాలయం: ఏడాది వాడకం తర్వాత

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పల్లె యువతకు పైసా ఖర్చు లేకుండా కూర్చునే చోటు ఇస్తున్న మా మండల శాఖా గ్రంథాలయాన్ని ఏడాదిగా వాడుతున్నాను. దినపత్రికలు వేళకు వస్తాయి. గ్రంథపాలకుడు ఎవరి వాడ ఏదని అడగకుండా సంతకానికి రిజిస్టరు ముందుకు జరుపుతారు. ఇంటిపేరును బట్టే కులం లెక్కగట్టే మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. గ్రూప్స్ పుస్తకాలు మాత్రం పాత ముద్రణలే. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నవారికి ఇంతకంటే మెరుగైనవి అడిగే హక్కుంది.

అసలు లోపం వేళల్లో ఉంది. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు మాత్రమే తెరుస్తారు. మోతుబరుల అబ్బాయిలు హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని కోచింగుకు వెళ్తుండగా, పత్తి ఏరడానికి కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు పొలం నుంచి వచ్చి ఇక్కడికి చేరేసరికి తలుపుకు తాళం కనిపిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనా, చీకటి పడుతుందంటే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి కనుక అమ్మాయిలు ఆరింటికే పుస్తకం మూసి లేస్తారు. పైగా వాడుకోదగిన మరుగుదొడ్డి లేదు; ఈ ఒక్క కారణంతో రావడం మానేసినవారు నాకు తెలిసి ముగ్గురున్నారు.

ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. రాత్రి 9 వరకు తెరిచి, మరుగుదొడ్డి కట్టిస్తే నాలుగో నక్షత్రం సంతోషంగా చేరుస్తాను.