ఆటోనగర్ షెడ్డులో ఆగిన ఫ్రంట్ యాక్సిల్ ఆయిల్ లీకు

ఈ షెడ్డుకు బోర్డు లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు, ఫోన్ చేస్తే ఒక పట్టాన ఎత్తరు. అయినా విజయవాడ చుట్టుపక్కల పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) ఉన్నవాళ్లెవరు అడిగినా నేను ఇక్కడికే పంపిస్తాను.

మా ఎస్‌యూవీ 2007 మోడల్. ముందు డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) నుంచి ఎడమ చక్రానికి వెళ్లే షాఫ్టు దగ్గర సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, లీకు. ఇంతకుముందు చూపించిన గ్యారేజీలో ప్రతిసారీ కొత్త సీలు కొట్టి పంపేవాళ్లు. కొన్నాళ్లు బాగుండేది. ఏదైనా దూరప్రయాణం చేసొస్తే మళ్లీ టైరు లోపలివైపు జిడ్డు, గేర్ ఆయిల్ ఘాటు వాసన. అడిగితే "పాత బండి కదా, మామూలే" అనేవాళ్లు. పాతదైతే కారాలని ఎక్కడ రాసుందో!

ఇక్కడి మేస్త్రి గారు సీలు జోలికి వెంటనే పోలేదు. ముందు గుడ్డతో తుడిచి, అది ఆయిలేనా, సీవీ బూటు (షాఫ్టు కీలు మీది రబ్బరు తొడుగు) చిరిగి చిమ్మిన గ్రీజా అని చూశారు. ఆయిల్ మట్టం చూసే రంధ్రానికి ఉండే లెవెల్ ప్లగ్గు విప్పితే ఆయిల్ ధార కట్టింది. రంధ్రం అంచు దాకా ఉంటే చాలు. లీకవుతోంది కదా అని ఎవరో ఎక్కువే పోశారు. తర్వాత బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) ఊది చూశారు, గాలి పోవడం లేదు, లోపలంతా మట్టి. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక సీలు దగ్గర ఆయిల్‌ని బయటికి తోస్తుంది.

షాఫ్టు ఊడదీశాక "గోరు పెట్టి చూడండి మేడం" అన్నారు. సీలు లిప్పు (లోపలి అంచు) ఆనేచోట గోరు తట్టుకునేంత గాడి పడి ఉంది. ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆ గాడిలోనే కూర్చుంటాయి మరి. బేరింగ్‌లో ప్లే (వదులు) లేదని తేల్చుకుని, గాడి మీద సన్నటి స్టీలు స్లీవు (గొట్టంలాంటి తొడుగు) తొడిగారు. కొత్త సీలు లిప్పుకు గ్రీజు రాసి, సైజుకు సరిపడే పైపు ముక్కతో చుట్టూ సమంగా దిగేలా కొట్టారు. ఇదంతా పక్కనున్న మావారికి కాకుండా, బండి నడిపే నాకే వివరించారు. అదీ రాయాల్సిన విషయమే.

వానాకాలం గడిచింది, చక్రం లోపల పొడిగానే ఉంది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం అన్న బండి మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఇవ్వలేదు. బిల్లు అడిగితేనే రాస్తారు. షాఫ్టు కొలిచాకే స్లీవు తెప్పిస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లి బండి వదిలేసి రండి.