అప్‌డేట్లకు వేళ పెట్టాలా, రౌటర్‌కు పగ్గాలివ్వాలా?

ఆన్‌లైన్ గేమ్‌కు డేటా పెద్దగా అక్కర్లేదు. చాలా ఆటలకు సెకనుకు 1 మెగాబిట్ కూడా పట్టదు. కావలసింది ఆలస్యం లేకపోవడం. ఏదో అప్‌డేట్ లైన్ మొత్తాన్ని నింపేస్తే గేమ్ ప్యాకెట్లు (చిన్న డేటా ముక్కలు) క్యూలో ఇరుక్కుంటాయి, పింగ్, అంటే సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం, అమాంతం పెరుగుతుంది. ప్లాన్ స్పీడ్ పెంచితే డౌన్‌లోడ్ త్వరగా అయిపోతుందే తప్ప, నడిచినంతసేపూ ఆ బాధ ఉండొచ్చు. దీనికి రెండు దారులు: అప్‌డేట్లను ఆడని వేళకు పెట్టడం, లేదా క్యూను అదుపు చేసే పని రౌటర్‌కే అప్పగించడం.

ఖర్చు: వేళ పెట్టడానికి ఏమీ కాదు. రౌటర్ దారిలో ఎస్‌క్యూఎం (క్యూ పెరగకుండా చూసే రౌటర్ సెట్టింగ్) ఉన్న మోడల్ కావాలి; పాతదానిలో లేకపోతే కొత్తది కొనాలి.

శ్రమ: విండోస్ సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టొచ్చు. గేమ్‌ల యాప్ స్టీమ్‌లో ఆటో అప్‌డేట్లకు సమయం కూడా కేటాయించొచ్చు. కానీ ఇదంతా ప్రతి పరికరంలోనూ చేయాలి. ఇంట్లో ఫోన్లు, టీవీ, కన్సోల్ అన్నీ ఉంటే ఇది నిజంగా టెన్షనే. రౌటర్‌లో అయితే ఒక్కచోటే పని: అసలు వేగాన్ని కొలిచి, అందులో 85–95 శాతం దగ్గర హద్దు పెట్టాలి. అప్‌లోడ్‌కూ అలాగే పెట్టాలి, చాలామంది దాన్నే మర్చిపోతారు.

రిస్క్: వేళకు సిస్టమ్ ఆఫ్‌లో ఉంటే సెక్యూరిటీ అప్‌డేట్ వెనకబడుతుంది. రౌటర్‌లో కాస్త గరిష్ఠ వేగం తగ్గుతుంది. నాకైతే ఈ రెండో నష్టమే నయం.

ఒక్కరే, ఒకే కంప్యూటర్ అయితే వేళ పెట్టడం చాలు. నలుగురున్న ఇంట్లో, లేదా లైన్ వేగం అస్తమానం మారకుండా నిలకడగా ఉన్నచోట, ఎస్‌క్యూఎం పెట్టండి.