టెక్సస్ పెరట్లో మాటు డేరా: వాడి చూశాక నా అభిప్రాయం

టెక్సస్‌లో హిల్ కంట్రీ అనే కొండప్రాంతంలో ఇంటి వెనుక బాణాల సాధనకు ఏర్పాటు చేసుకున్న స్థలంలోనే, జంతువులకు కనబడకుండా లోపల దాగి కిటికీల గుండా వేటాడే, ఇద్దరు కూర్చోగల హబ్ తరహా మాటు డేరా ఒకటి వేసి వేసవి నుంచి వాడుతున్నాను. ఇటువంటి డేరాను జింకల వేట మొదలయ్యే ముందు రోజు అటక మీద నుంచి దింపే వస్తువుగా చూడకూడదని, సాధన కూడా అందులో కూర్చొనే చేయాలని నా గట్టి అభిప్రాయం. అందుకే దీని మంచిచెడ్డలను ఆ దృష్టితోనే చెబుతున్నాను.

నాలుగు గోడలకూ పైకప్పుకూ నడిమధ్య ఒక్కొక్క హబ్, అంటే కడ్డీలన్నీ కలిసే కూడలి, ఉంటుంది. దానికి కుట్టిన పట్టీని పట్టుకొని బయటికి లాగితే ఫైబర్‌గ్లాస్ కడ్డీలు బిగుసుకొని గోడ నిలబడుతుంది. తోడు లేకుండా ఒక్కరే నిలబెట్టవచ్చు. బట్ట దళసరిగా ఉంది, మూలల్లో కుట్లు గట్టిగా ఉన్నాయి, లోపలి వైపు నల్లగా ఉండడం వల్ల మన కదలిక బయటికి అంతగా తెలియదు. అయితే వెనుక కిటికీలు తెరిచి ఉంచితే వెలుతురులో మన ఆకారం స్పష్టంగా కనిపించిపోతుంది కనుక, వాటిని మూసి, ఆకుల రంగు దుస్తులకు బదులు నల్లని దుస్తులు వేసుకోవడం మేలు.

డేరాతో పాటు ఇచ్చిన మేకులు మాత్రం మా నేలకు ఏమాత్రం పనికిరావు. ఇక్కడ పైన పలుచని మట్టి, దాని కిందే సున్నపురాయి. సన్నని మేకులు రాయికి తగిలి వంగిపోయాయి. ఇళ్ల కట్టుబడిలో వాడే ఇనుప చువ్వల ముక్కలను దిగగొట్టి, పక్క తాళ్లను బరువైన రాళ్లకు కట్టాకే గాలికి డేరా నిలిచింది.

అన్నిటికంటే ముఖ్యమైనది కిటికీ ఎత్తు. కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లులో గురిచూసే పిన్ బాణం కంటే కొన్ని అంగుళాలు పైన ఉంటుంది. పిన్ మీదుగా చూస్తే 20 గజాల దూరంలోని లక్ష్యం అడ్డు లేకుండా కనిపిస్తుంది, కానీ అదే క్షణంలో బాణం మొన కిటికీ కింది అంచుకు ఎదురుగా ఉండవచ్చు. ఆరుబయట నిలబడి ఎంత సాధన చేసినా ఈ సంగతి బోధపడదు. స్టూలు ఎత్తు, కిటికీకి మనకు మధ్య ఎడం, నారి పూర్తిగా లాగినప్పుడు విల్లు పైకొమ్మ కప్పుకు తగలకపోవడం, ఇవన్నీ లోపల కూర్చుంటేనే కుదురుతాయి. ఈ డేరాలో కాంపౌండ్ విల్లుకు చోటు సరిపోతుంది, పొడవాటి లాంగ్‌బోకు చాలదు. కిటికీ వల గుండా బాణం వేయాలనుకునేవారు స్థిరమైన బ్లేడ్ల మొనలనే వాడాలి. విచ్చుకునే మొనలు వలకు తగిలి ముందే తెరుచుకొని బాణం దారి తప్పవచ్చు. గాయపడిన జింక పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడకూడదంటే ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఇదే చోట .22 రైఫిల్ సాధన కూడా చేయాలనుకునేవారికి డేరా కంటే ముందు కావలసింది, లక్ష్యం వెనుక రాళ్లు ఏరివేసిన ఎత్తైన మట్టికట్ట. సున్నపురాతి వాలును కట్టగా వాడుకోవడం ప్రమాదకరం, తూటా రాయికి తగిలి ఎటైనా మళ్లుతుంది. చిన్నదిగా కనిపించే ఆ తూటా మైలుకు పైగా పోగలదు. టెక్సస్‌లో వేటాడేటప్పుడు తూటా మన స్థలం హద్దు దాటితే సాధారణంగా నేరం. నగర పరిధి వెలుపలి లేఅవుట్లలో 10 ఎకరాలు, అంతకంటే చిన్న స్థలాల్లో కాల్పులను కౌంటీ నిషేధించవచ్చు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. మిత్రుడి తుపాకి చేతిలోకి తీసుకునే ముందే మనవాళ్లు ఈ విషయం తెలుసుకోవాలి.

కిటికీలు జిప్పులతో కాక కొక్కేలతో జారేవి కావడం వల్ల చప్పుడు లేదు. తలుపు జిప్పు మాత్రం నిశ్శబ్దంగా ఉన్న వేకువలో బాగా వినిపిస్తుంది కనుక, తెల్లవారకముందే లోపలికి చేరుకోవాలి. వేటకు వేసేటప్పుడు కొన్ని వారాల ముందే నిలబెట్టి, చుట్టూ ఇక్కడ సీడర్ అని పిలిచే జునిపర్ కొమ్మలు కట్టాలి. జింకలు దానికి అలవాటుపడతాయి. వానకు తడిస్తే పూర్తిగా ఆరాకే మడవాలి, లేకుంటే బూజు పడుతుంది. మేకులు విడిగా సమకూర్చుకోగలిగితే, కూర్చొని విల్లు వాడేవారికి ఈ డేరాను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.